ఎగ్మూర్ మ్యూజియం ఒక్క పూటలో చూడొచ్చా? గుంటూరు వాళ్లం అమరావతి రాళ్ల కోసం అక్కడిదాకా వెళ్లాలా?

మీ ప్రశ్న చదివానండి. వచ్చే నెల చెన్నైలో పెళ్లి, పెళ్లయ్యాక ఒక పూట ఖాళీ, కూడా అరవై ఐదు దాటిన అమ్మానాన్న, తొమ్మిదేళ్ల పాప. మ్యూజియంకి ఎంతసేపు పడుతుంది, మాది గుంటూరే కాబట్టి అమరావతిలో మ్యూజియం చూసేశాం, మళ్ళీ ఇక్కడ అవే రాళ్లు చూడాలా, పిల్ల విసుక్కోదా, ఇదే కదా మీ డౌట్.

ముందు సూటిగా చెప్పేస్తా. వెళ్లండి. మూడు గంటలు చాలు. కానీ మొత్తం చూసేద్దాం అని మాత్రం వెళ్లకండి. అమరావతి హాలు, కంచు విగ్రహాల హాలు, పాప కోసం తిమింగలం అస్థిపంజరం, ఈ మూడే పెట్టుకోండి. అమరావతిలో మీరు చూసిన రాళ్లు వేరు, ఇక్కడున్నవి వేరు, ఎందుకు వేరో కింద చెప్తాను.

నా సంగతి చెప్పాలంటే పెరంబూరులో ముప్పై ఏళ్ల పైన కాపురం, ఇక్కడి తెలుగు పిల్లలకి డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఏడాదికి ఒకసారైనా పిల్లల్ని తీసుకుని ఎగ్మూరు వెళ్లడం, ఊరి నుంచి చుట్టాలొస్తే వాళ్లని తీసుకెళ్లడం, ఇలా ఎన్నిసార్లు వెళ్లానో నాకే లెక్క లేదు. మొదటిసారి మాత్రం ఘోరంగా తప్పు చేశాను. 42 మంది పిల్లల్ని వరసలో నిలబెట్టి రెండు గంటల్లో అన్ని బిల్డింగులూ తిప్పేశాను, కత్తులు, నాణేలు, పాములు, రాళ్లు, ఏదీ వదల్లేదు, నాకు గర్వంగా కూడా ఉండింది. మర్నాడు క్లాసులో నిన్న చూసినదాంట్లో మీకు నచ్చింది గీయండ్రా అంటే ఇంచుమించు అందరూ తిమింగలమే గీశారు, నలుగురైదుగురు బయట తోటలో ఉన్న డైనోసార్ బొమ్మ గీశారు, ఒకడు మాత్రం హాల్లో వాచ్‌మన్ కూర్చునే కుర్చీ గీశాడు. కుర్చీ బాగానే గీశాడు, అది వేరే విషయం.

అక్కడ 6 బిల్డింగులు, 46 గ్యాలరీలు, 16 ఎకరాల పైన కాంపౌండు. 1851లో మొదలైన మ్యూజియం అది, మన దేశంలో కలకత్తా తర్వాత అంత పాతది ఇదే. మొదలుపెట్టింది ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే డాక్టరు. ఇప్పుడున్న చోటికి 1854లో వచ్చింది, అంతకుముందు అక్కడ పాంథియన్ అని దొరలు విందులు, డాన్సులు చేసుకునే భవనం ఉండేది, రోడ్డుకి ఆ పేరే మిగిలిపోయింది. బాల్ఫర్ ఊరుకోకుండా పులినీ చిరుతనీ తెచ్చి అదే కాంపౌండులో జూ కూడా పెట్టాడు, తర్వాత జూ వేరే చోటికి పోయింది. అందుకే ఇక్కడి పాతకాలం వాళ్లు జూని ఉయిర్ కాలేజీ అనీ మ్యూజియాన్ని సెత్త కాలేజీ అనీ అనేవాళ్లు, అంటే బతికున్న కాలేజీ, చచ్చిన కాలేజీ. మా పక్కింటి తమిళ తాతగారు చివరిదాకా మ్యూజియం అనే మాట వాడలేదు, "ఏం మాస్టారూ, పిల్లల్ని మళ్ళీ సెత్త కాలేజీకి తోలుకెళ్తున్నారా" అనేవారు.

ఇక మీ అసలు ప్రశ్న, అవే రాళ్లు మళ్ళీ ఎందుకని.

అవే కాదండి. ఒక ఇంటి సామాను అన్నదమ్ములు వాటాలేసుకుని తలో ఊరు పట్టుకుపోయినట్టు అయింది ఈ రాళ్లు వచ్చిన అమరావతి బౌద్ధ స్తూపం కథ. దీపాలదిన్నె అని ఊరివాళ్లు పిలుచుకునే మట్టిదిబ్బ అది. చింతపల్లి నుంచి మకాం మార్చిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతి ఊరు కట్టించే రోజుల్లో రాళ్ల కోసం దిబ్బ తవ్వడం మొదలైంది, ఆ కబురు విని 1797లో కోలిన్ మెకంజీ అనే కంపెనీ సర్వే అధికారి వచ్చి చూశాడు, మళ్ళీ 1816లో వచ్చి దొరికిన శిల్పాలకి బొమ్మలు గీయించాడు, ఈ మధ్యలో ఎన్ని రాళ్లు మెట్లయ్యాయో ఎన్ని సున్నం బట్టీలో కాలిపోయాయో. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు వచ్చాయి, వచ్చి ఏళ్ల తరబడి ఎండకీ వానకీ ఆరుబయట పడున్నాయి, 1859లో అందులో పెద్ద వాటా ఓడెక్కి లండన్ పోయింది, బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడు 120 దాకా ఉన్నాయి. 1877లో రాబర్ట్ స్యూయెల్, ఆ తర్వాత 1880ల్లో జేమ్స్ బర్జెస్ తవ్వినప్పుడు దొరికినవాటిలో చాలా భాగం మళ్ళీ మద్రాసుకే చేరాయి. మీరు అమరావతిలో చూసినవి ఎక్కువగా ఆ తర్వాతి తవ్వకాల్లో బయటపడ్డవి. కాబట్టి ఒక స్తంభం ముక్క కృష్ణ ఒడ్డున, ఇంకో ముక్క పాంథియన్ రోడ్డులో, మూడోది లండన్‌లో. మనం లండన్ వెళ్లేది ఎప్పుడో ఏమో, ఎగ్మూరుకి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు.

ఇంకో మాట. ఇంగ్లీషు బోర్డుల్లో, పుస్తకాల్లో అమరావతి మార్బుల్స్ అని ఉంటుంది, అది చూసి పాలరాయి అనుకోకండి. మా మామగారిది సత్తెనపల్లి పక్కన, జీవితమంతా నాపరాళ్ల వ్యాపారం. ఆయన్ని తీసుకెళ్తే బొమ్మలు చూడ్డం మానేసి ప్రతి రాయినీ పక్క నుంచి, అంచు నుంచి వంగి వంగి చూస్తున్నారు. అరగంట తర్వాత "అల్లుడుగారూ, ఇది మార్బులు కాదండీ, మన పల్నాటి రాయి" అన్నారు. నిజమే, అది పల్నాడు సున్నపురాయి, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. అంత సన్నటి చెక్కడం సాధ్యమైంది రాయి అంత మెత్తగా, సన్నని రేణువులతో ఉండబట్టే. కొన్ని రాళ్లని బ్రిటిష్ కాలంలోనే గోడలో పొదిగేశారు, అప్పట్లో భద్రమని అలా చేశారు, దానివల్ల తర్వాత రాళ్లకి ఉప్పు పట్టి ఇబ్బందైందని చెప్తారు. మామగారు అది చూసి మాట్లాడలేదు, బయటికొచ్చి రెండు కాఫీలు తాగారు.

సరే, చూడ్డం ఎలా. నేను ఆ 42 మంది దెబ్బ తర్వాత పద్ధతి మార్చాను. ఒక్కొక్కరికి ఒక్క రాయి, అరగంట, పెన్సిలు. గీత బాగా రావాలని కాదు, గీస్తే తప్ప కన్ను అక్కడ ఆగదు. మీ పాపకి కూడా ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు ఇవ్వండి, ఫోన్ ఇవ్వకండి.

ముందు నలగిరి ఏనుగు పతకం వెతకండి. గుండ్రంగా, పళ్లెంలా ఉంటుంది, ఫోటోల్లో చాలాసార్లు చూసుంటారు. దేవదత్తుడు బుద్ధుణ్ణి చంపించడానికి మదపుటేనుగుని రాజగృహం వీధిలోకి వదిలిన కథ. ఓ ఏడాది ఆరో క్లాసు పిల్ల దీని ముందు కూర్చుని గీస్తూ గీస్తూ నా దగ్గరికొచ్చి, "సార్, ఇందులో ఏనుగు ఒకటా, రెండా?" అంది. అదే అసలు ప్రశ్న. ఎడమవైపు ఏనుగు వీధిలో జనం మీద పడుతోంది, మనుషులు చెల్లాచెదురవుతున్నారు, భయంతో వెనక్కి ఒరిగిపోతున్న ఆడమనిషి కనిపిస్తుంది, మేడ కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్లున్నారు, మన వీధిలో గొడవైతే పైఅంతస్తు వాళ్లు చూసినట్టే. అదే వీధిలో, గీత కూడా గీయకుండా, కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వంగి ఉంది. ఒకే ఏనుగు, రెండు క్షణాలు, ఒకే పళ్లెం. కామిక్ పుస్తకంలో గళ్లుంటాయి కదా, ఇక్కడ గళ్లు తీసేశారు అంతే. మీ పాపకి ముందే చెప్పకండి, ఏనుగులు ఎన్ని అని అడిగి వదిలేయండి.

ఇంకో పతకంలో బుద్ధుడి భిక్షాపాత్రని దేవతలు స్వర్గానికి మోసుకెళ్తుంటారు. ఆయన లేడు, గిన్నె మాత్రమే ఉంది, చుట్టూ అందరూ ఆడుతూ పాడుతూ తీసుకెళ్తున్నారు. చాలా రాళ్లలో ఇలాగే ఉంటుంది, ఖాళీ సింహాసనం, దాని ముందు పాదముద్రలు, లేకపోతే చెట్టు, చక్రం. బుద్ధుణ్ణి మనిషిగా చెక్కని పద్ధతి, చెక్కే పద్ధతి, రెండూ అమరావతిలో దొరుకుతాయి. అమ్మానాన్నకి ఇది చెప్తే ఇష్టంగా వింటారు, మనకి పాదుకలకి దణ్ణం పెట్టే అలవాటు ఉంది కాబట్టి ఎక్కువ వివరించక్కర్లేదు.

స్తూపం మీద స్తూపమే చెక్కిన పలకలుంటాయి, వాటిని వదలొద్దు. అసలు కట్టడం పోయింది కదా, అది ఎలా ఉండేదో తెలిసింది ఎక్కువగా ఈ పలకల వల్లే. గుండ్రటి అండం (అంటే బోర్లించిన గిన్నెలాంటి దిబ్బ), చుట్టూ కంచె, నాలుగు దిక్కులా ముందుకొచ్చిన అరుగు మీద అయిదేసి స్తంభాలు (వాటిని ఆయక స్తంభాలంటారు), కంచె గుమ్మాల దగ్గర సింహాలు. ఆ కంచె ఈ చివర నుంచి ఆ చివరికి సుమారు 192 అడుగుల వ్యాసం, అంటే మన ఊళ్లో మామూలు కల్యాణమండపం దాంట్లో పట్టేస్తుంది. ఇక కంచె పైవరస రాళ్ల మీద లావుపాటి పూలదండని భుజాల మీద మోస్తూ వంకర్లు తిరుగుతూ పోయే కుర్రాళ్లుంటారు, దండ బరువుకి వాళ్లు వంగిన తీరు చూడండి, తిరుపతిలో స్వామివారికి తోమాల మోసుకెళ్లేవాళ్లు గుర్తొస్తారు నాకైతే.

పూర్ణఘటం కూడా చూడండి, తామరలు పొంగుతున్న కుండ. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముద్రలో ఉన్నది ఆ అమరావతి పూర్ణఘటమే. అమరావతి శాసనాల్లో ఒకటుంది, విధికుడు అనే తోలుపని చేసే మనిషి, ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు, తల్లి, భార్య, అన్నదమ్ములు, కూతురు అందరితో కలిసి పూర్ణఘటం ఉన్న పలకని దానంగా ఇచ్చానని ప్రాకృతంలో చెక్కించుకున్నాడు. రాజులు కట్టించిన గుడి అనుకుంటాం, కింద పేర్లు చూస్తే వ్యాపారులు, సన్యాసినులు, మామూలు ఇంటి ఇల్లాళ్లు. రెండు వేల ఏళ్ల నాటి చందా రసీదులండీ అవి. తెలుగులో తొలి మాట అని స్కూల్లో చదువుకున్న "నాగబు" కూడా అమరావతి రాయి మీదదే, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గుర్తుపట్టింది.

టైముంటే అమరావతివి కాని మనవైపు రాళ్లు కూడా ఉన్నాయి. జగ్గయ్యపేట నుంచి వచ్చిన మాంధాత చక్రవర్తి పలక నాకు చాలా ఇష్టం, రాజు చెయ్యి పైకెత్తితే మబ్బులోంచి నాణేల వాన పడుతోంది, నాణేలు గుండ్రంగా ఉండవు, నలుచదరంగా ఉంటాయి, ఎందుకంటే అప్పటి నాణేలు అలాగే ఉండేవి. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం, రాణి, ఇలా చక్రవర్తి ఏడు రత్నాలు, పాప చేత లెక్కపెట్టించండి. పల్నాడులో గోలి అనే ఊరి స్తూపం పలకలు, అనంతపురం వైపు హేమావతి నుంచి నొళంబ రాజుల కాలం నాటి శిల్పాలు, కడప జిల్లా దానవులపాడు జైన శిల్పాలు, ఇవన్నీ ఇక్కడే. అప్పుడంతా మద్రాసు ప్రెసిడెన్సీ కదా.

కంచు విగ్రహాలు వేరే బిల్డింగు, దానికి ఒక గంట ఉంచుకోండి. అమరావతిలోనే అలిసిపోయి ఇది వదిలేసి వెళ్లిపోయేవాళ్లని చాలామందిని చూశాను, అంతకంటే అన్యాయం లేదు. తిరువాలంగాడు నటరాజు ఇక్కడే ఉన్నాడు. మీరు రేణిగుంట మీదుగా అరక్కోణం వైపు ఎప్పుడైనా వస్తే ఆ ఊరు దగ్గర్లోనే దాటుంటారు. మామూలుగా నటరాజు చుట్టూ మంటల చక్రం ఉంటుంది కదా, దీనికి అది లేదు, పోయింది. పోవడమే మంచిదైందేమో అనిపిస్తుంది నాకు, చూపు అటూ ఇటూ పోకుండా నేరుగా ఒంటి మీద నిలుస్తుంది. ఎత్తిన కాలి మోకాలు, దాని మీదుగా అడ్డంగా వచ్చిన చెయ్యి, ఇంత కదలిక ఉన్నా ముఖం మాత్రం నిద్రలో నవ్వుతున్నట్టు ఉంటుంది. ఫ్రెంచి శిల్పి రోడాన్ ఇక్కడికి రానేలేదు, మద్రాసు మ్యూజియం నటరాజుల ఫోటోలు చూసి ఏకంగా ఒక వ్యాసం రాశాడు, 1921లో అచ్చయింది. మీరు వెనక్కి కూడా వెళ్లి చూడండి, గుళ్లో అయితే అలంకారంతో, ముందు నుంచి తప్ప కుదరదు.

తిరువెంకాడు అర్ధనారీశ్వరుడికి చేతులెన్ని అని అడగండి పాపని. మూడు. శివుడి వైపు రెండు, అమ్మవారి వైపు ఒకటి. ఒక నిమిషం చూసేదాకా ఇది ఎవరికీ తట్టదు, అంత సహజంగా ఉంటుంది. ఇంకా రాముడి విగ్రహాలున్నాయి, చేతులు విల్లూ బాణం పట్టుకున్న భంగిమలోనే ఉంటాయి, విల్లు మాత్రం ఉండదు, అది పూజలో విడిగా పెట్టేది. మా అమ్మ ఉన్నప్పుడు ఆవిడ్ని తీసుకెళ్తే రాముడి ముందు చెప్పులు విప్పేసి నిలబడింది, హాల్లో అలా అక్కర్లేదమ్మా అన్నాను, "నీకు అక్కర్లేదేమో" అంది. ఇవన్నీ ఉత్సవమూర్తులు, ఊరేగినవి. దండయాత్రల భయానికి భూమిలో పాతిపెడితే వందల ఏళ్ల తర్వాత పొలం దున్నేవాళ్లకో ఇంటి పునాది తవ్వేవాళ్లకో దొరికాయి, 1878 నాటి నిధినిక్షేపాల చట్టం కింద చాలా మటుకు ఇలా మ్యూజియం చేరాయి. నాగపట్నంలో దొరికిన బుద్ధ విగ్రహాలు కూడా చూడండి, తలమీద మంట లాంటి శిఖ ఉంటుంది.

తయారీ గురించి నాన్నగారు అడిగితే చెప్పండి, ముందు మైనంతో బొమ్మ, దాని మీద మట్టి పూత, కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలో లోహం పోస్తారు, చల్లారాక మట్టి పగలగొడతారు. మూస ఒకసారితో సరి, అందుకే ఏ రెండు విగ్రహాలూ అచ్చంగా ఒకలా ఉండవు. కుంభకోణం దగ్గర స్వామిమలైలో ఇప్పటికీ ఇలాగే చేస్తారు.

మిగతావి గబగబా. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1863 మే 30న పల్లావరంలో ఏరిన రాతి గొడ్డలితో మొదలైన సేకరణ ఉంది, కర్నూలు గుహల్లో కూడా తవ్విన మనిషి ఆయన, ఆసక్తి ఉంటే చూడండి, లేకపోతే వదిలేయండి. నాణేలు చూడాలంటే వేరే రోజు. పక్కనే కన్నెమరా లైబ్రరీ, 1896లో తెరిచింది, బయట నుంచి చూసినా బావుంటుంది.

ఇక పనికొచ్చే విషయాలు. శుక్రవారం సెలవు. దీన్ని రెండుసార్లు చదవండి. మా కజిన్ ఒంగోలు నుంచి పదకొండు మందితో కారు మాట్లాడుకుని వచ్చాడు, ట్రావెల్స్ వాడు రోజూ తెరిచే ఉంటుంది సార్ అన్నాడట, వచ్చింది శుక్రవారం, గేటు ముందు గ్రూప్ ఫోటో దిగి వెళ్లిపోయారు. అమరావతి మ్యూజియంకి కూడా శుక్రవారమే సెలవు, మనవాళ్లకి గుర్తుండాలి అసలు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 కూడా ఉండదు. పొద్దున 9:30కి తెరుస్తారు, సాయంత్రం 5 దాకా. తెరవగానే వెళ్లండి, పదకొండు దాటితే స్కూలు పిల్లల బస్సులొస్తాయి (ఆ గోల చేసినవాళ్లలో నేనూ ఉన్నాను), ఆదివారం అసలు వద్దు. టికెట్ చవకే, కెమెరాకి విడిగా కట్టాలి, ఫ్లాష్ వద్దు, రాళ్లని ముట్టుకోవద్దు. ఆ రోజు ఏ హాళ్లు తెరిచున్నాయో కౌంటర్లోనే అడిగేయండి, లోపల వెతుక్కుంటే పెద్దవాళ్ల కాళ్లు పోతాయి.

నడక ఎక్కువ, మెట్లు కూడా ఉన్నాయి. అమ్మానాన్నని అమరావతి హాలు అయ్యాక చెట్ల కింద ఒక పావుగంట కూర్చోబెట్టి అప్పుడు కంచు విగ్రహాలకి తీసుకెళ్లండి, ఆ పావుగంటలో మీరు పాపని తిమింగలం దగ్గరికి తీసుకెళ్లి తెచ్చేయొచ్చు, అలా చేస్తే ఎవరికీ విసుగు ఉండదు. సెంట్రల్ నుంచి మెట్రోలో తర్వాత స్టేషనే ఎగ్మూరు, అక్కడి నుంచి ఆటోలో అయిదు నిమిషాలు. మధ్యాహ్నం భోజనానికి ఎగ్మూర్ స్టేషన్ ఎదురు హోటళ్లు చాలు. అదే పాంథియన్ రోడ్డులో కాటన్ స్ట్రీట్ అంటారు, నూలు గుడ్డల కొట్లు వరసగా ఉంటాయి, కో-ఆప్టెక్స్ వాళ్ల పెద్ద షోరూం కూడా ఆ రోడ్డులోనే. దీన్ని మీ అమ్మగారికి మ్యూజియం అయ్యేదాకా చెప్పకండి.

అన్నట్టు పెళ్లి ఏ వారమో మీరు రాయలేదు. ముహూర్తం గురువారం రాత్రయి ఖాళీ పూట శుక్రవారం వచ్చిందంటే మాత్రం పైన రాసిందంతా పక్కన పెట్టి, కాటన్ స్ట్రీట్ నుంచే మొదలుపెట్టండి.